కట్లపాము కాని కట్లపాము

సంగారెడ్డి నుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున పటాన్‌చెరువు సమీపించుకొలది ఇరుప్రక్కల పొలములు సన్నగిల్లి, వాని స్థానమున కర్మాగారముల పొగగొట్టములును, రేకుల కప్పులు గల గోదాములును కానవచ్చును. పాశమైలారము, బొల్లారము, ఇస్నాపురము మున్నగు గ్రామములు ఒకప్పుడు జొన్నకును కందికిని పేరు వడిన పల్లెలు. 1970వ దశకము మొదలుకొని అవి పారిశ్రామికవాడలుగా మారినవి. మనుష్యులు నేల రూపును మార్చిరి. కాని ఆ నేలను నమ్ముకొన్న జీవులన్నియు లేచిపోలేదు. కొన్ని నశించినవి, కొన్ని మిగిలినవి. ఏ కొన్నింటికో ఈ మార్పు మేలే చేసినది. రాత్రివేళ మాత్రమే వెలువడు ఒక చిన్న పాము ఇట్టివానిలో ఒకటి.

వానకాలపు రాత్రి. రెండవ షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికులు ఒక ఇరుకు గదిలో చాపలు పరచుకొని వరుసగా పండుకొన్నారు. వారిలో కొందరు మెదకు పల్లెలవారు. కొందరు ఒడిషా, బీహారు రాష్ట్రముల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. తలుపు దగ్గఱి గోడమీద, దీపము క్రింద, ముదురు రంగుమేనిపై తెల్లని పట్టీలు గల సన్నని పాము ఒకటి ప్రాకుచుండగా ఒక యువకుడు చూచి కేక వేసెను. నిమిషములో గది గదియంతయు లేచి నిలువబడినది. కేక విని కావలి ముసలివాడు చేతిదీపముతో పరుగెత్తి వచ్చెను.

“తాతా, కట్లపాము! నా కండ్లతోని చూసిన. కట్టె ఇయ్యి!” అని యువకుడు తొందరపెట్టెను.

“చూసినవు గని బిడ్డా, పట్టీలు యాడికెల్లి మొదలైనయో చూసినవా? మెడ కాడ చూడు. అందరు ఇటు జరుగుండ్రి. తలుపు తెరిచి పెడితే దాని తొవ్వ అది పోతది,” అని ముసలివాడు నెమ్మదిగా పలికెను.

కాని అప్పటికే ఎవరో కఱ్ఱ విసరిరి. పాము క్రింద పడినది. దాని నోట సగము మ్రింగిన బల్లి ఉండెను. తెల్లవారిన పిమ్మట వాకిట పడవేసిన దానిని చూడవచ్చినవారందఱును అది కట్లపామనియే చెప్పుకొనిరి. ముసలివాడు మాత్రము ఆ మాటకు తల యూపలేదు.

ఇట్టి ఘటనలు ఈ ప్రాంతమున ప్రతి వర్షకాలమునను జరుగునట్టివే. ఆ రాత్రి చచ్చినది కట్లపాము కాదు. దానికి విషము లేదు. శాస్త్రజ్ఞులు దానిని లైకోడాన్ ఆలికస్ అని పిలుతురు. గ్రీకు భాషలో లైకోస్ అనగా తోడేలు, ఓడోన్ అనగా దంతము. నోటి ముందుభాగమున కోరలవలె పొడవుగా ఎదిగిన పండ్లుండుటచే దానికి ఆ పేరు కలిగినది. కావున తెలుగున తోడేలుపాము అనవచ్చును. మన పల్లెలలో పలువురు దీనిని కూడ కట్లపామనియే పిలుతురు. రెండు జీవులకు ఒకే పేరుండుట భాషకు పెద్ద లోపము కాకపోవచ్చును గాని, ఇచ్చట ఆ లోపము ప్రాణములమీదికి వచ్చుచున్నది.

తోడేలుపాము స్వీడన్ దేశీయుడగు లిన్నేయసు పండితునకు తెలిసియే యుండెను. జీవరాశులన్నింటికిని రెండేసి మాటల పేర్లు పెట్టుచు అతడు 1758లో వెలువరించిన గ్రంథమున ఈ పాము కలదు. అయితే అది అమెరికా ఖండమున నివసించునని అతడు పొరపాటున వ్రాసెను! అంతటి పండితుడు కూడ దూరమున నుండి చూచినప్పుడు పొరబడుట సహజమే. చేరువలో నుండియు పొరబడువారి మాట వేఱు.

ఈ పాము పెద్దది కాదు. సాధారణముగా మూరెడు మొదలు మూరెడున్నర వఱకు పెరుగును. మూడడుగులకు చేరునవి లేవనియే చెప్పవచ్చును. లావు మన చిటికెనవ్రేలికి మించదు. మేని రంగు గోధుమ వన్నె మొదలు నలుపు చాయ కలిసిన కాఫీగింజ వన్నె వఱకు ఉండును. మెడమీద తెల్లని లేక పసుపుపచ్చని వెడల్పైన పట్టీ ఒకటి కంఠెవలె అమరియుండును. అచ్చటనుండి వెనుకకు పది పండ్రెండు మొదలు ఇరువది వఱకు అడ్డపట్టీలు వరుసగా నుండును. ముందరి పట్టీలు వెడల్పుగను స్పష్టముగను ఉండును. తోకవైపు పోనుపోను అవి సన్నగిల్లి, చెదరి, తుదకు మాసిపోవును. తల చదునుగా, మెడకంటె వెడల్పుగా ఉండును. మూతి కొంచెము ముందుకు పొడుచుకొని వచ్చియుండును. నల్లపూసలవంటి కన్నులు బయటికి ఉబికియుండును. పొట్ట తెల్లగా, ముత్యపు చిప్పవలె మెఱయును.

దాని పగటి జీవితము గూర్చి చెప్పవలసినది స్వల్పము. ఇటుకల కుప్పలలో, గోడల నెఱియలలో, గూనపెంకుల సందులలో, చెట్ల బెరడు క్రింద చుట్టలు చుట్టుకొని నిద్రించును. దాని కథయంతయు చీకటి పడిన పిమ్మటనే ఆరంభమగును.

పారిశ్రామికవాడ ఈ పామునకు మేలు చేసినదని పైన చెప్పితిమి. అది యెట్లనగా: ప్రతి గోదాము వాకిటను, ప్రతి ప్రహరీగోడమీదను రాత్రియెల్ల దీపములు వెలుగును. దీపములకు ఉసుళ్ళును, రెక్కల పురుగులును మూగును. పురుగులకై బల్లులు వచ్చును. బల్లి దీనికి ప్రియమైన ఆహారము. మేస్త్రీలు వదలివేసిన ఇటుకల కుప్పలును, పూత లేని గోడల సందులును దీనికి తేరగా దొరకిన ఇండ్లు. అడవిలోని పాముకంటె పాశమైలారములోని పాము సుఖముగా బ్రదుకుచున్నదన్నను అతిశయోక్తి కాదు.

బల్లులను వేటాడవలెనన్న గోడ లెక్కవలెను. తోడేలుపాము ఈ విద్యలో నేర్పరి. దాని పొట్టక్రింది పలకల అంచులు ఇరుప్రక్కల ఒరవలె తీరియుండును. ఆ అంచులను గరుకుగోడలోని చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళకు ఆనించి, నిట్టనిలువున మెల్లమెల్లగా పైకి ప్రాకును. కప్పు దూలముల దాకను ఎక్కగలదు. అప్పుడప్పుడు పట్టుతప్పి నేలమీదనో, నేలమీద నిద్రించువానిమీదనో పడుటయు కలదు. అట్లు పడిన పాము ఎంత భయపడునో, లేచిన మనుజుడు అంతకు మించి భయపడును.

దాని పొడవాటి ముందుపండ్లు విషపుకోరలు కావు. వానిలో నాళములు లేవు. బల్లులు, నలికిరులు ఒడలు జారుడుగా గల జీవులు. అందులో నలికిరి పొలుసులు గట్టివి, నునుపైనవి. అట్టిదానిని జారిపోనీక గట్టిగా పట్టుటకే ఆ పండ్లు. పట్టిన పట్టు వదలక, కొన్నిసార్లు చుట్లు వేసి బిగించి, తలవైపు నుండి మ్రింగును.

దీని స్వభావము పిరికిది. అలికిడి యైనచో సందులోనికి జారుకొనును. దారి దొరకనిచో చుట్టలు చుట్టుకొని, తలను చుట్టల క్రింద దాచుకొనును. చేతబట్టినచో మాత్రము ఊరకుండదు; చుఱుకుగా, పలుమారు కఱచును. రెండు మూడు చోట్ల ముల్లు గ్రుచ్చినట్లు రక్తపు చుక్కలు కానవచ్చును. పుండును సబ్బుతో కడిగిన చాలును. కాని కఱచినది ఇదే యని నిర్ణయించుట ఎట్లు? ఇచ్చటనే చిక్కంతయు ఉన్నది.

ఇక అసలు కట్లపాము సంగతి చూతము. ఇదియు రాత్రించరమే. నల్లగా, నీలిచాయతో, నూనె రాచినట్లు నిగనిగలాడు ఒడలిమీద జంటజంటలుగా సన్నని తెల్లగీతలు గలది. పెరిగినది రమారమి ఒక గజము పొడవుండును. అంతకు మించినవియు కలవు. ఎలుకలను, కప్పలను, బల్లులను, ముఖ్యముగా ఇతర సర్పములను తినును. తన జాతివానిని కూడ విడువదు. కనుక తోడేలుపాము కూడ దానికి ఆహారమే కాగలదు. ఒకే వేషము వేసిన ఇద్దరిలో ఒకరు మఱియొకరిని మ్రింగుట ప్రకృతిలో వింత కాదు.

రెంటికిని గల భేదములను కావలి ముసలివాడు అనుభవమున ఎఱుగును. తోడేలుపాము పట్టీలు మెడనుండియే ఆరంభమై తోకకు మాసిపోవును; కట్లపాము గీతలు తలకు కొంత దూరమున మొదలై తోకకు పోనుపోను స్పష్టమగును. పెరిగిన కట్లపామునకు మెడయొద్ద గీతలే ఉండకపోవచ్చును. తోడేలుపాము తల చదునైనది, మెడ సన్ననిది. కట్లపాము తలయు మెడయు ఇంచుమించు ఒకే లావున ఉండును. కట్లపాము వెన్నుపై నడుమ వరుసగా షట్కోణాకారమున పెద్ద పొలుసులు ఒక దారివలె సాగియుండును. తోడేలుపాము వీపుమీద పొలుసులన్నియు సమానమే. ఒకటి గోడ లెక్కుటలో నేర్పరి. రెండవది సాధారణముగా నేలమీదనే తిరుగును.

సాధారణముగా అను మాటను ఇచ్చట గట్టిగా పట్టుకొనవలెను. కట్లపాము మంచములమీదికిని, గుడిసెల కప్పులలోనికిని ఎక్కిన సందర్భములు లేకపోలేదు. దాని పిల్లలకు మెడయొద్ద కూడ గీతలుండును. వెన్నుపొలుసులను పరిశీలించుటకు కావలసిన దూరము, పాము కాటునకు కావలసిన దూరమే! కావున ఈ భేదములు గోడమీది దానిని దూరమునుండి చూచి, అది తోడేలుపాము కావచ్చునని కఱ్ఱ దింపుటకు పనికివచ్చునే గాని, చేతబట్టుటకు పనికిరావు. కాటు వేసినది ఏదో తెలియనప్పుడు దానిని కట్లపామనియే భావింపవలెను.

ఇంత జాగ్రత్త ఎందులకు? కట్లపాము కాటు ఇతర సర్పముల కాటువంటిది కాదు. రక్తపింజర కఱచినచో కాలు వాచును, మంట పుట్టును; కఱవబడినవాడు నిద్రలో నున్నను అఱచుచు లేచును. కట్లపాము కోరలు చిన్నవి. కాటుపడినచోట నొప్పి యుండదు, వాపు ఉండదు, గుర్తు సైతము కానరాకపోవచ్చును. అర్ధరాత్రి దాటిన పిమ్మట, నేలమీద నిద్రించువాని ప్రక్కగా అది పోవుచుండగా, వాడు ప్రక్క మారుటయో, చేయి దానిపై పడుటయో జరుగును. అది కఱచి పోవును. నిద్రించువాడు దోమ కుట్టెననుకొని మరల నిద్రించును. లేక అసలే మేలుకొనడు.

తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చును. వాంతి కావచ్చును. రాత్రి తిన్న అన్నము పడలేదని ఇంటివారు అనుకొందురు. కొంతసేపటికి కనురెప్పలు వ్రాలిపోవును. ఎత్తుద మన్నను లేవవు. మాట ముద్దగా వచ్చును. మ్రింగుట కష్టమగును. కాళ్ళు చేతులు పట్టు తప్పును. చివరకు ఊపిరి తీయు కండరములు నిలిచిపోవును. ఇది గమనింపదగిన విషయము: ఆ స్థితిలో కనులు తెఱువలేనివాడు, పలుకలేనివాడు, చూచువారికి చచ్చినట్లే తోచును. కాని వానికి స్మృతి ఉండవచ్చును. చుట్టును ఏడ్చువారి మాటలు వాని చెవిని పడుచుండవచ్చును.

రాజస్థానములోని ఎడారి ప్రాంతమున పీవణా అను సర్పమును గూర్చి ఒక నమ్మకము కలదు. అది నిద్రించువాని రొమ్ముమీద కూర్చుండి వాని ఊపిరి పీల్చివేయునట! కాటు గుర్తు లేకుండ, నొప్పి లేకుండ, ఊపిరాగి మనిషి చనిపోవుట చూచిన వారు ఆ వింతకు ఒక కారణమును కల్పించుకొనిరి. కట్లపాము కాటును చూచి పుట్టిన కథ అది. నమ్మకము తప్పే గాని, దాని వెనుక నున్న పరిశీలన తప్పు కాదు.

మన యొద్ద మఱియొక నమ్మకము కలదు. మంత్రము వేసిన విషము దిగునని. పాముమంత్రగాండ్రకు మంచిపేరు ఎట్లు వచ్చెనో విచారింపుడు. పల్లెలో పదిమందిని పాములు కఱచెననుకొందము. వారిలో కొందఱను కఱచినవి తోడేలుపామువంటి విషము లేని పాములు. మఱికొందఱను విషసర్పమే కఱచినను విషము ఎక్కింపకుండ వదలియుండవచ్చును. వీరందఱును మంత్రము లేకున్నను బ్రదుకవలసినవారే. కాని వారు కట్లపాము కఱచెనని భయపడి మంత్రగానియొద్దకు పోయి, పసరు త్రాగి, బ్రదికి ఇంటికి వచ్చిరి. ఆ కీర్తి మంత్రమునకు పోయినది. నిజముగా కట్లపాము విషమెక్కినవాడు చనిపోయినచో, ఆలస్యముగా తెచ్చితిరి అన్న మాట సిద్ధముగా ఉండనే ఉన్నది. ఈ విధముగా ఒక నిరపాయమైన పాము, తనకు తెలియకయే, ఎందరో ఆసుపత్రికి పోకుండుటకు కారణమగుచున్నది. తోడేలుపామును గుర్తించుట వలన పాము ఒక్కటియే కాదు, మనుష్యులును బ్రదుకుదురు.

పాముకాటు మన దేశమున చిన్న విషయము కాదు. 2000 మొదలు 2019 వఱకు ఇరువది సంవత్సరములలో పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది. వారిలో అధికులు పల్లెలవారు. సగము మరణములు జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గల నాలుగు మాసములలోనే జరిగినవి. మరణములు హెచ్చుగా గల ఎనిమిది రాష్ట్రములలో తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశమును ఒకటిగా ఆ పరిశోధకులు లెక్కించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధులలో చేర్చినది. 2030 నాటికి మరణములను సగమునకు తగ్గింపవలెనని భారత ప్రభుత్వము 2024లో ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించినది.

చికిత్స గలదు. గుఱ్ఱములకు స్వల్ప మోతాదులలో విషమెక్కించి, వాని రక్తమునుండి తీసిన విరుగుడు మందు అది. మన దేశపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును పనిచేయును. అందుచే కఱచిన పామును చంపి, సంచిలో వేసుకొని వైద్యునికి చూపవలసిన పని లేదు. చంపబోయి రెండవవాడు కాటు తిన్న సందర్భములు కలవు. కాటుపడినవానిని నడిపింపరాదు, కాలో చేయో కదలకుండ బద్దకట్టి, ఉంగరములు, కడియములు తీసివేసి, 108 వాహనమున ఆసుపత్రికి చేర్పవలెను. త్రాటితో బిగించి కట్టుట, కత్తితో కోయుట, నోటితో పీల్చుట అపాయకరములు.

కట్లపాము విషయమున కాలమునకు ఎక్కువ విలువ కలదు. దాని విషము నరముల కొనలను పట్టి, అవి కండరములకు ఆజ్ఞ పంపు రసమును విడువకుండ చేసి, ఆ కొనలనే పాడుచేయును. విరుగుడు మందు రక్తములో తిరుగు విషమును అణచగలదు. ఇదివఱకే పాడైన కొనను బాగుచేయలేదు. క్రొత్త కొన పెరుగుటకు దినములు పట్టును. అంతవఱకు యంత్రము ద్వారా ఊపిరి అందించిన మనిషి బ్రదుకును. చచ్చినాడని చాపమీద పండబెట్టవలసిన వాడే, వారము దినముల పిమ్మట తన కాళ్ళమీద ఇంటికి నడచి వచ్చును.

ఈ విషమునకు గల శాస్త్రనామమున ఒక తెలుగుమాట దాగియున్నది. ఆ కథ ప్రాచీనము. స్కాట్లండు దేశపు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1781లో భారతదేశమునకు వచ్చి, విశాఖపట్టణమున నివసించెను. 1785లో ఈస్టిండియా కంపెనీ అతనిని ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించినది. పాముకాటున జనులు చనిపోవుట చూచి, ఏ పాములకు విషము కలదో, ఏవానికి లేదో తేల్చవలెనని అతడు పూనుకొనెను. ఈనాడు పటాన్‌చెరువు గదిలోని ప్రశ్నయే ఆనాడు విశాఖలోని ప్రశ్న. అతడు స్థానికులచే పాములను తెప్పించి, చిత్రములు వ్రాయించి, ఆ జనులు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలో పొందుపఱచెను. ఆ గ్రంథము 1796లో లండనున అచ్చయినది. చెవికి వినబడినట్లు వ్రాయుటచే కొన్ని పేర్లు నేడు మనకే అర్థము కావు. కాని ఒకటి స్పష్టము. నల్లని మేనిపై పసిమి పట్టీలు గల పెద్ద కట్లపామును అతడు బంగారు పాము అను పేరుతో చిత్రించెను. 1803లో ఫ్రెంచి పండితుడు డోడాన్ ఆ పేరును గ్రహించి, కట్లపాముల జాతికంతకును బంగరస్ అని నామకరణము చేసెను. ఆనాటినుండి ఏ దేశపు కట్లపాముకైనను ఇంటిపేరు తెలుగే! రక్తపింజరకు మాత్రము ఇంగ్లీషువారు రస్సెల్ పేరే పెట్టిరి.

1963లో తైవాను శాస్త్రజ్ఞులు చాంగ్, లీ అను ఇరువురు ఆ దేశపు కట్లపాము విషమునుండి వేర్వేఱు పదార్థములను విడదీసి, వానికి బంగరోటాక్సిన్ అని పేరిడిరి. అందు ఒకటి, నరము పంపు ఆజ్ఞను కండరము ఏ ద్వారమున అందుకొనునో, ఆ ద్వారమును పట్టుకొని వదలదు. ఆ గుణము చేతనే శాస్త్రజ్ఞులు ఆ ద్వారమును వెదకి పట్టుటకు దానిని సాధనముగా వాడుకొనిరి. కండరములు బలహీనమగు ఒక వ్యాధి కారణము తెలియుటకు ఆ పరిశోధనలు తోడ్పడినవి.

తోడేలుపామునకు ఇట్టి కీర్తి లేదు. అయితే అది ఎచ్చటను ఎవరికిని కీడు చేయదనుటయు సరికాదు. దాని దాయాది జాతి యొకటి 1980వ దశకమున హిందూ మహాసముద్రములోని క్రిస్మసు ద్వీపమునకు ఓడ సరకులతో చేరినది. అచ్చటి బల్లులకును నలికిరులకును అట్టి శత్రువు అదివఱకు తెలియదు. అవి క్షీణించిపోవుటకు ఈ పామును ముఖ్యకారణముగా చెప్పుదురు. మన బల్లులు తరతరములుగా దానిని ఎఱిగినవి కావున తప్పించుకొను విద్యయు ఎఱుగును.

ఇరుకుగదులలో నివసించువారు మంచములు కొనుట సులభము కాదు. ఒక గదిలో ఎనిమిది మంచములు పట్టనే పట్టవు. అట్టిచోట దోమతెర మేలు. దాని అంచులను చాప క్రిందికి గట్టిగా దోపినచో దోమయు, కట్లపామును రెండును లోనికి రావు. తలుపు క్రింది సందును పాతగుడ్డతో మూయుట, తినగా మిగిలిన అన్నము ఎలుకలకు దొరకకుండ చేయుట, గోడను ఆనుకొని ఇటుకలు పేర్చకుండుట, రాత్రి వెలుపలికి పోవునప్పుడు చేతిదీపము తీసికొనుట ఖర్చులేని పనులు. ఇటుకల కుప్ప తొలగినచో తోడేలుపాము కూడ దూరముగా పోవును. అది నష్టమే యైనను, నిద్రించువాని తలదాపున విషము లేని పామైనను ఉండవలెనని ఎవరును కోరరు గదా!

తోడేలుపాము గ్రుడ్లు పెట్టును. ఒక కాన్పున నాలుగు మొదలు పదునొకండు వఱకు. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో పిల్లలు వెలువడును. జానెడు పొడవు కూడ ఉండవు. లావు అగ్గిపుల్లకంటె కొంచెము హెచ్చు. పట్టీలు మాత్రము పెద్దవానికంటె తెల్లగా, కొట్టవచ్చినట్లు ఉండును. తల్లి వానిని కనిపెట్టుకొని యుండదు. బతుకమ్మ పండుగ నాటికి అవి ఇటుకల సందులనుండి ఒక్కొక్కటిగా వచ్చి, దీపము క్రింది గోడను మొదటిసారి ఎక్కుట నేర్చుకొనుచుండును.